పాటతో సాగే పరిచర్య

తిరుమలలో శ్రీవారి దినచర్య సుప్రభాతంతో ఆరంభమై, ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలిపాటతో ముగుస్తుంది. స్వామి మేల్కొనే వేళ ఏదో, పవళించే వేళ ఏదో భక్తులకు చెవితోనే తెలుస్తుంది. దైవసేవలో పెద్దలు నిలిపిన ఈ పద్ధతి, ప్రత్యేక అవసరాలు గల ఇంటివారికి చేసే పరిచర్యలోనూ ఎంతో ఉపకరిస్తుందని నేను అనుభవంతో గ్రహించాను.

మా తమ్మునికి డౌన్ సిండ్రోమ్. వయస్సు నలభైకి చేరువైనా "పావుగంటలో స్నానం" అంటే అతనికి బోధపడదు. పాట అట్లు కాదు. దానికొక మొదలు, ఒక ముగింపు ఉన్నాయి. ప్రతిదినమూ ఒకే తీరున వినవస్తుంది. మా అమ్మగారు స్నానానికొకటి, భోజనానికొకటి, నిద్రకొకటి పాట అలవరచారు. స్నానపు పాట వినగానే అతడు తనంతట తానే తువాలు అందుకునేవాడు.

సంగీత చికిత్స శిక్షణ పొందినవారు చేయవలసిన వేరొక విద్య. నేను చెప్పేది ఇంటిపాట మాత్రమే. దీనికి స్వరజ్ఞానం అక్కరలేదు. చాలామందిలో భాషకు మెదడు ఎడమభాగం ప్రధానాధారం; పాటలో ఉభయభాగాలూ పాల్గొంటాయి. అందుచేతనే పక్షవాతంతో మాట పడిపోయినవారిలో కొందరు, చిరపరిచితమైన పాటను పదాలతో సహా పాడగలుగుతారు. మాటలను రాగయుక్తంగా పలికిస్తూ తిరిగి నేర్పే చికిత్సాపద్ధతిని 1973లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు ప్రకటించారు.

ఆచరణలో కొన్ని జాగ్రత్తలు అవసరం. ఒక పనికి ఒకే పాట ఉండాలి. దానిని తరచుగా మార్చరాదు. మెల్లగా, తగ్గుస్వరంతో పాడాలి. చరణం చివరి పదాన్ని విడిచి కొంతసేపు వేచి ఉండాలి. మాటరాని బిడ్డ ఆ చోట ఒక చూపు చూసినా, ఒక కూనిరాగం తీసినా అదే సమాధానం. ముద్ద నోటిలో ఉండగా వారిచేత పాడించరాదు, నవ్వించరాదు. పొలమారే ప్రమాదం ఉంది. ఆటిజం గలవారిలో కొందరికి శబ్దమే బాధాకరం. చెవులు మూసుకుంటే వెంటనే ఆపవలసిందే. అప్పుడు మౌనమే సేవ. వారికి కీర్తనకంటె సినిమాపాట ప్రియమైతే అందులో దోషమేమీ లేదు.

అమ్మగారు పరమపదించిన తరువాత తమ్ముడు ఎవరినీ స్నానం చేయించనీయలేదు. బంధువులు మొండితనమన్నారు. ఆరవనాడు నేను అమ్మగారి పాటను నాకు వచ్చిన గొంతుతో అందుకున్నాను. అతడు చాలాసేపు నావంక చూచి, లేచి తువాలు తీసుకున్నాడు. అతనికి ఆనాడు దూరమైనది తల్లి ఒక్కతే కాదు; అతని దినానికి ఉన్న వరుస కూడ.

ఆ పిమ్మట నేను ఏ పనికి ఏ పాట, అతడు ఎక్కడ గొంతు కలుపుతాడు అన్న వివరాలన్నీ ఒక నోటుపుస్తకంలో వ్రాసి, పాటలను ఫోనులో భద్రపరిచాను. మా అబ్బాయి, కోడలు వాటిని నేర్చుకున్నారు. నా తరువాత కూడ అతనికి తెల్లవారవలసి ఉన్నది కదా! ఇటువంటి పరిచర్యలో ఉన్నవారందరూ ఈ పని నేడే చేయవలసిందిగా నా మనవి.

యాత్రికులకు, దాతలకు ఒక విన్నపం. దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ఇరువదియొక్క విధాల వైకల్యాలను గుర్తించింది; వాటిలో అనేకం పైకి కనిపించవు. దర్శనపు వరుసలో ఎవరైనా ఒకే పాదాన్ని పదేపదే పాడుతుంటే విసుగుకొనవద్దు. ఆ జనసమ్మర్దంలో వారు పట్టుకొని నిలిచిన ఊతకర్ర అదే కావచ్చు. వీలైతే ఆ పాదాన్ని మీరూ మెల్లగా అందుకోండి.