మన సంఘపు చట్టమును చేయు సభలు

విత్తనశుద్ధి, ఎరువుల వాడుక చూపుటకై మేము గ్రామములకు పోవునపుడు రైతులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి గలదు: "అయ్యా, మా సంఘపు చట్టమును మార్చువారెవరు? ఢిల్లీవారా, మన రాష్ట్రమువారా?" ఈ సంగతి తెలియనిచో అర్జీ చేరవలసిన చోటికి చేరదు. కావున దానిని సంగ్రహముగా వివరింప నెంచితిమి.

రాజ్యాంగపు ఏడవ షెడ్యూలునందు శాసనాధికారములు మూడు జాబితాలుగా పంచబడియున్నవి. కేంద్ర జాబితా పార్లమెంటుది. రాష్ట్ర జాబితా రాష్ట్ర చట్టసభలది. ఉమ్మడి జాబితాలో ఇరువురికిని అధికారము గలదు. వ్యవసాయము, భూమి, భూమిశిస్తు, సహకార సంఘములు రాష్ట్ర జాబితాలోనివి. నీరును అందులోనిదే, అంతర్రాష్ట్ర నదుల విషయమున మాత్రము పార్లమెంటునకును అధికారము గలదు. మన సంఘములకు ఆధారమైన 1964 నాటి సహకార సంఘముల చట్టము రాష్ట్ర చట్టసభ చేసినదే. 2014లో ఏర్పడిన తెలంగాణకును అదియే సంక్రమించినది.

ఈ హద్దు కాగితము మీది గీత మాత్రము కాదు. 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘముల పాలకవర్గములకు దేశమంతటికి నొక్కటే కట్టడి విధించెను. 2021 జూలైలో సుప్రీంకోర్టు, రాష్ట్ర సంఘముల మట్టుకు అది చెల్లదని తీర్పు చెప్పెను. ఏలయన, అట్టి సవరణకు కనీసము సగము రాష్ట్రముల చట్టసభల ఆమోదము వలయును; అది పొందబడలేదు. పొరుగువాని గట్టు జరుపవలెనన్న అతని సమ్మతి కావలదా?

ఇక సభల నిర్మాణము. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175, తెలంగాణలో 119 స్థానములు గలవు. వీరిని ప్రజలే ఎన్నుకొందురు. గడువు 5 సంవత్సరములు. శాసనమండలిలో వరుసగా 58, 40 స్థానములు. మండలి సభ్యులలో మూడవవంతును స్థానికసంస్థలవారు, మూడవవంతును శాసనసభ్యులు, పండ్రెండవవంతు చొప్పున పట్టభద్రులు, ఉపాధ్యాయులు ఎన్నుకొందురు. మిగిలినవారిని గవర్నరు నియమించును. సాహిత్యము, కళలు మొదలగువానితోపాటు సహకారోద్యమమున అనుభవము గలవారును ఇందులకు అర్హులని రాజ్యాంగమే చెప్పుచున్నది. ఇది మనము గుర్తుంచుకొనదగిన మాట.

ద్రవ్యబిల్లు శాసనసభయందే పుట్టవలయును. మండలి దానిని 14 దినములకు మించి ఆపజాలదు. తక్కిన బిల్లులయందును తుదిమాట శాసనసభదే. గవర్నరు, లేక రాష్ట్రపతి, సమ్మతించిన పిమ్మటనే బిల్లు చట్టమగును.

కాబట్టి సోదరులారా, సంఘపు చట్టమున లోపము కనిపించినచో మహాజనసభలో తీర్మానము చేసి, మీ శాసనసభ్యునికి వ్రాతమూలముగా నందజేయుడు. రచ్చబండకడ గొణుగుకొన్న మాట చట్టసభకు వినబడదు.