ప్రేమించువాడు మాట వినును



వార్డులో ప్రార్థన చేసేటప్పుడు, సంఘ కుటుంబాలను దర్శించేటప్పుడు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. "అయ్యగారూ, ప్రార్థన చేయించుకున్నాను, ఒళ్ళు తేలికపడింది. ఇంకా మాత్రలు మింగితే దేవుని మీద నమ్మకం లేనట్టే కదా?" అని అడుగుతారు. కొందరు అడగకుండానే మందులు మానేస్తారు. ఈ ప్రశ్న వెనుక మరొక పెద్ద ప్రశ్న ఉన్నది. దేవుని ప్రేమించడమంటే ఏమిటి? ఆయనకు విధేయులమై ఉండడమంటే ఏమిటి?

ముందుగా ప్రేమ, తరువాత ఆజ్ఞ

తనను ప్రేమించేవారు తన ఆజ్ఞలు గైకొంటారని ప్రభువు శిష్యులకు చెప్పాడు (యోహాను 14:15). ఈ మాటను కొందరు బెదిరింపుగా వింటారు. కాని వరుస గమనించండి. నిర్గమకాండములో దేవుడు ఇశ్రాయేలీయులను ముందుగా దాస్యము నుండి విడిపించాడు, ఆ తరువాతే సీనాయి కొండ దగ్గర పది ఆజ్ఞలు ఇచ్చాడు. ఆజ్ఞలు పాటిస్తేనే విడిపిస్తానని ఆయన అనలేదు. మనము ఆయనను ప్రేమించడానికి కారణం ఆయనే మొదట మనలను ప్రేమించడమని యోహాను కూడా రాశాడు (1 యోహాను 4:19). కాబట్టి విధేయత దేవుని ప్రేమకు మనం కట్టే ఫీజు కాదు. ఆ ప్రేమ మన హృదయంలో ఉన్నదనడానికి గురుతు.

రోగులు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. "నేను దేవుని మాట వినలేదు, అందుకే ఈ జబ్బు" అని కుమిలిపోయేవారు ఉన్నారు. పుట్టు గ్రుడ్డివాని విషయంలో శిష్యులు అదే ప్రశ్న వేసినప్పుడు, వాడు గాని వాని తల్లిదండ్రులు గాని పాపం చేసినందువల్ల కాదని యేసు చెప్పాడు (యోహాను 9:3).

రెండు పొరపాట్లు

మొదటిది, నోటితో ప్రేమ ఉండి విధేయత లేకపోవడం. తండ్రి తోటకు వెళ్ళమన్నప్పుడు ఒక కుమారుడు "వెళ్తాను" అని చెప్పి వెళ్ళలేదు. మరొకడు వెళ్ళనని, తరువాత మనసు మార్చుకొని వెళ్ళాడు (మత్తయి 21:28-31). తండ్రి ఇష్టం నెరవేర్చింది ఎవరో మనకు తెలుసు.

రెండవది, విధేయత ఉండి ప్రేమ లేకపోవడం. తప్పిపోయిన కుమారుని అన్న ఏనాడూ తండ్రి మాట జవదాటలేదు. అయినా తమ్ముడు తిరిగి వచ్చిన రోజున ఇంట్లోకి రాలేకపోయాడు (లూకా 15).

ఈ రెండవ పొరపాటును సేవ చేసేవారి ముందు ధైర్యంగా ఎత్తి చూపినవారు వి.ఎస్. అజరయ్యగారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనెరీ మహాసభలో ఆయన మాట్లాడుతూ, మిషనెరీల త్యాగానికి భారత సంఘం ఎప్పటికీ కృతజ్ఞత చెబుతుందని, అయితే తమకు ప్రేమ కూడా కావాలని, తమను స్నేహితులుగా చూడాలని అడిగారు. 1912లో ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందారు. నంద్యాల, ఆళ్ళగడ్డ దగ్గరి ముత్యాలపాడు ప్రాంతపు ఎస్.పి.జి. మిషను సంఘాలు కూడా తరువాత ఆయన అధ్యక్షత క్రిందికి వచ్చాయి. పాఠశాల నడిపినా, పుండుకు కట్టు కట్టినా, ప్రేమ లేకుండా చేస్తే అది వట్టి ఉద్యోగమే అవుతుంది.

మరి మందుల సంగతి?

వైద్యుని మాట దేవుని ఆజ్ఞ కాదు. వైద్యుడు పొరపడవచ్చు. అర్థం కాకపోతే మళ్ళీ అడగవచ్చు, ఇంకొక డాక్టరుకు చూపించుకోవచ్చు. కాని మన దేహము దేవుని ఆలయమని (1 కొరింథీ 6:19), పొరుగువానిని నీవలె ప్రేమించాలని ఉన్నవి మాత్రం దేవుని మాటలే. మందుబిళ్ళ ఈ రెండు ఆజ్ఞల క్రిందికి వస్తుంది.

టి.బి.ని తీసుకోండి. సాధారణ టి.బి.కి మందులు ఆరు నెలలు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. కాని మొండి క్రిములు లోపల ఇంకా మిగిలి ఉంటాయి. అప్పుడు మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. ఆ మందులకు లొంగని టి.బి.గా మారవచ్చు. అది దగ్గు ద్వారా ఇంట్లో పసిబిడ్డకు, ముసలి తల్లికి సోకవచ్చు. కనుక ఆరు నెలల మాత్రలు మింగడం పొరుగువానిని ప్రేమించడమే. బి.పి., షుగరు అయితే ఏ బాధా తెలియకుండానే గుండెను, మూత్రపిండాలను, కళ్ళను పాడుచేస్తాయి. ఒంట్లో బాగుందనే ధీమాతో మాత్రలు మానకూడదు.

ప్రార్థన, మందు ఒకదానికొకటి శత్రువులు కావు. హిజ్కియా కన్నీటి ప్రార్థనను దేవుడు విన్నాడు, పదునైదు సంవత్సరాల ఆయుష్షు ఇచ్చాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20). పౌలుతో ప్రయాణం చేసిన లూకా వైద్యుడు.

"దేవుడు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడు" అని నమ్మేవారికి ఒక మాట. యేసు పదిమంది కుష్ఠురోగులను వెళ్ళి యాజకులకు కనుపరచుకోమన్నాడు (లూకా 17:14). ఆ రోజుల్లో పరీక్ష చేసి శుద్ధుడని చెప్పవలసినవారు యాజకులే. మీరు కూడా కళ్ళె పరీక్షకు, బి.పి., షుగరు పరీక్షకు రండి. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు. మందు తగ్గించాలా, ఆపాలా అనేది ఆ తరువాత డాక్టరుగారు చెబుతారు.

ఉపవాసముండే షుగరు రోగులకు

శ్రమల కాలంలో ఉపవాసం ఉండాలనుకునేవారు ముందుగా డాక్టరును అడగండి. ఇన్సులిను గాని కొన్ని రకాల షుగరు మాత్రలు గాని వాడుతూ భోజనం మానితే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే గ్లూకోజు గాని పంచదార గాని తీసుకోవాలి. అందువల్ల మీ ఉపవాసం చెడిపోయిందని బాధపడకండి. ఆకలిగొన్నవానికి ఆహారం పెట్టడమే దేవునికి ఇష్టమైన ఉపవాసమని యెషయా 58వ అధ్యాయం చెబుతుంది.

కుటుంబసభ్యులకు

నయమాను కోపంతో వెళ్ళిపోతుంటే, అతని సేవకులు మెల్లగా నచ్చజెప్పి యొర్దానుకు పంపారు (2 రాజులు 5). మీరూ అలాగే చేయండి.

1. "ఎందుకు మానావు?" అని గద్దించవద్దు. కారణం కనుక్కోండి. బస్సు చార్జీ లేకపోవచ్చు, ఒక రోజు కూలి పోతుందని భయం కావచ్చు, మాత్ర వికారం కలిగించవచ్చు.

2. టి.బి. మందుతో మూత్రం నారింజ రంగులోకి మారితే భయం లేదు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

3. టి.బి. పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. పోషకాహారం కొరకు ప్రభుత్వమిచ్చే సహాయం 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలు.

4. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారిని పరీక్షకు పంపండి.

5. మాత్ర ఇచ్చే సమయాన ఇద్దరూ కలిసి చిన్న ప్రార్థన చేసుకోండి.

ప్రభువు మిమ్ములను, మీ గృహములను ఆశీర్వదించి, ప్రేమలోను విధేయతలోను స్థిరపరచును గాక. ఆమేన్.