మంచం పక్కన కులం

సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో నాటి ప్రధాని వాజపేయి ప్రారంభించినప్పుడు మాదాపూర్ దారి పట్టిన ఉద్యోగుల వయసు ఇరవైల్లో ఉంది. ఆ తరానికి ఇప్పుడు యాభై దగ్గరపడింది. వారి తల్లిదండ్రులు డెబ్బై, ఎనభై దాటారు. ఊళ్ళో ఇంటికి తాళం వేసి కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల, మణికొండ అపార్టుమెంట్లకు వచ్చి చేరిన వృద్ధులు కొందరు. పిల్లలు అమెరికాలో స్థిరపడగా ఇక్కడి మూడు గదుల ఫ్లాటులో ఇద్దరుగానో, ఒక్కరుగానో మిగిలినవారు మరికొందరు. వీరి చుట్టూ ఒక పరిశ్రమ పెరిగింది. కార్పొరేటు ఆసుపత్రుల హోమ్‌కేర్ విభాగాలు, నెల చందా తీసుకుని వైద్య పరీక్షల నుంచి బ్యాంకు పనుల దాకా చూసిపెట్టే కంపెనీలు, సీనియర్ లివింగ్ పేరుతో విల్లాలు, వీటన్నిటి అడుగున ఒక గది, రెండు ఫోన్లతో నడిచే కేర్‌టేకర్ ఏజెన్సీలు.

ఈ సేవలు నడిపేవారు ముందుగా చెప్పే ఇబ్బంది ఒకటే: మనుషులు దొరకడం లేదు, దొరికినవారు నిలవడం లేదు. శిక్షణ ఇచ్చి పంపిన అమ్మాయి మూడు నెలల్లో మానేస్తుంది. పండుగకు ఊరికి వెళ్ళినామె తిరిగి రాదు. కుటుంబం ఏజెన్సీని పక్కకు తప్పించి ఆమెతో నేరుగా మాట్లాడుకుంటుంది. ఈ ఫిర్యాదులో అబద్ధం లేదు. అయితే దీన్ని కేవలం నిర్వహణ సమస్యగా, మెరుగైన యాప్‌తో తీరిపోయే చిక్కుగా చూడటంలోనే పొరపాటు ఉంది. మంచాన పడిన మనిషి దేహాన్ని శుభ్రం చేసే పనికి మన సమాజం కట్టిన విలువ ఎంతో ముందు తేలాలి. ఆ విలువ కట్టింది మార్కెట్టు ఒక్కటే కాదు.

తెలుగు గ్రామంలో దేహానికి సంబంధించిన మైల పనులు ఎవరు చేయాలో ముందే తేలిపోయి ఉండేది. పురుడు పోయడానికి మంత్రసాని, పురిటి బట్టలు ఉతకడానికి చాకలి, చావు కబురు మోయడానికీ కాటి పనులకూ మాల మాదిగలు. జననం, మరణం అనే రెండు కొసలనూ కులవ్యవస్థ ఇలా పంచిపెట్టింది. నడుమ మనిషి మంచాన పడి ఉండే కాలం మాత్రం చాలా తక్కువ. తుంటి ఎముక విరిగిన ముసలమ్మ తరచుగా నెలల్లోనే వెళ్ళిపోయేది. ఆ కొద్దికాలం చాకిరీ కోడలిదో కూతురిదో. దానికి కూలీ లేదు, పేరూ లేదు. ఇవాళ తుంటి మార్పిడి ఉంది, డయాలసిస్ ఉంది, స్టెంటు ఉంది. పక్షవాతం వచ్చినవారు ఏళ్ళ తరబడి జీవిస్తున్నారు. మతిమరపు వ్యాధి వచ్చిన తండ్రికి రాత్రంతా ఒకరు తోడుండాలి. కోడలు కూడా లాప్‌టాప్ పట్టుకుని నానక్‌రామ్‌గూడ వెళ్తోంది. కొడుకు ఆ పని చేయవచ్చునన్న ఆలోచన ఇంకా మన ఇళ్ళలోకి రాలేదు గనుక, బయటి మనిషి అవసరం ఏర్పడింది.

అంటే ఇది కొత్త పని. ఏ కులానికీ వృత్తిగా రాసిపెట్టని పని. కులం వాసన లేకుండా ఎదగగల వృత్తి ఏదైనా ఉందంటే అది ఇదే కావలసింది. అలా జరగలేదు. కులం పనులను విభజించి ఊరుకోదని, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విభజిస్తుందని అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో చేసిన విశ్లేషణకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఐటీ కారిడార్‌లో దొరకదు. మెట్లు సిద్ధంగా ఉన్నాయి. కొత్త పని వచ్చి అట్టడుగు మెట్టు మీద కూర్చుంది. పాలమూరు, నల్లగొండ, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, జార్ఖండ్‌ల నుంచి వచ్చి ఈ మంచాల పక్కన కూర్చున్నవారిలో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల స్త్రీలే ఎక్కువ.

వీరు చెప్పే వివరాలు ఇల్లు మారినా పెద్దగా మారవు. పెద్దాయనకు స్నానం చేయిస్తారు, డైపర్ మారుస్తారు, పడక పుండ్లకు కట్టు కడతారు, ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారా ఆహారం పోస్తారు. వంటగదిలోకి మాత్రం వెళ్ళకూడదు. తాగే గ్లాసు వేరు, పళ్ళెం వేరు, అవి పెట్టుకునే చోటు బాల్కనీలో. ఇంటి యజమాని దేహాన్ని తాకవచ్చు గానీ ఇంటి నీళ్ళ బిందెను తాకకూడదు. మైల సిద్ధాంతానికి దానికంటూ ఒక తర్కం ఉంది: శుభ్రం చేయవలసిన దేహం దగ్గరికి పంపేది ఎవరినైతే, వంటింటి గడప దగ్గర ఆపేదీ వారినే. ఆమెను అందరూ ‘అక్కా’ అనో ‘ఆంటీ’ అనో పిలుస్తారు, ఇంట్లో మనిషిలాంటిదని బంధువులకు చెబుతారు. (వరస కలిపి పిలవడం అలవాటైన చోట నియామక పత్రం అడగడం మర్యాదలేని పనిగా కనిపిస్తుంది.)

సేవాసంస్థల వైపు నుంచి చూస్తే ఈ చిక్కు మరో రూపంలో ఉంటుంది. ఫోన్ చేసిన కుటుంబం అడిగే ప్రశ్నలు ఏజెన్సీ సమన్వయకర్తకు కంఠతా వచ్చు. ‘శాకాహారి కావాలి’, ‘ఇంటిపేరు ఏమిటి?’, ‘మావాళ్ళలో ఎవరైనా దొరుకుతారా?’ కులం పేరు పలకకుండా కులం అడిగే విద్యలో మన మధ్యతరగతికి సాటి లేదు. అడిగినట్టు పంపకపోతే ఆ కుటుంబం మరో ఏజెన్సీకి ఫోన్ చేస్తుంది. అందువల్ల పేరు మార్చి పంపడం కూడా ఈ వ్యాపారంలో వినిపించే మాటే. కుల ప్రశ్నకు జవాబు ఇవ్వబోమని నిలబడే నిర్వాహకుడు ఉంటే, వారానికొక సెలవు ఇస్తానని, పన్నెండు గంటలకు మించి పని చేయించనని అనే నిర్వాహకుడు ఉంటే, అతడు పక్క వీధిలో ఏ నియమమూ లేని ఏజెన్సీతో ధరలో పోటీ పడాలి. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అంటే కనీసం ఇద్దరు మనుషుల పని. బిల్లు మాత్రం ఒకరికే వస్తుంది. ఆ తేడాను భరించేది నిద్రలేని ఆ ఒక్క మనిషి. ఆమె పారిపోకుండా కొన్ని ఏజెన్సీలు మొదటి నెల జీతం ఆపిపెట్టుకుంటాయి, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటాయి. ఆ తర్వాత ‘మనుషులు నిలవడం లేదు’ అని ఆశ్చర్యపోతాయి.

ఈ మొత్తం వ్యవహారంలో చట్టం ఎక్కడుంది? తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషించని పిల్లలపై ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. నెలకు 10,000 రూపాయలకు మించకుండా భృతి ఇప్పించవచ్చు. ఇంట్లోనే ఉండి చూసే మనిషికి ఏజెన్సీ వేసే బిల్లుకు ఆ మొత్తం ఏ మూలకూ చాలదు. 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతుపై ఆస్తి రాయించుకుని మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. ఆస్తి ఉన్న వృద్ధునికి ఇది పనికొచ్చే ఆయుధం. భూమి లేని దళిత తల్లికి రద్దు చేయించుకోవడానికి దానపత్రమే లేదు. ఇక 19వ సెక్షన్, జిల్లాకు కనీసం ఒకటి చొప్పున 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలు ప్రభుత్వం ‘ఏర్పాటు చేయవచ్చు’ అంటుంది. తీరా చేయాలన్న నిర్బంధం మాత్రం లేదు.

ఈ చట్టానికి సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది. వృద్ధుల సంరక్షణ గృహాలతోపాటు ఇంటికి వచ్చి సేవచేసే సంస్థలను కూడా నమోదు చేయాలని, వాటికి కనీస ప్రమాణాలు ఉండాలని అందులో ఉంది. పనిచేసేవారి వేతనం, సెలవుల ఊసు లేకపోయినా అది ఒక మొదలు. స్థాయీసంఘం పరిశీలన కూడా పూర్తయిన ఆ బిల్లు, పదిహేడవ లోక్‌సభతోపాటు 2024లో మురిగిపోయింది. 2025 అక్టోబరులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి, తల్లిదండ్రులను పట్టించుకోని ప్రభుత్వోద్యోగుల జీతంలో కొంత భాగం కోసి ఆ తల్లిదండ్రుల ఖాతాలో వేసేలా చట్టం తెస్తామని ప్రకటించారు. ఉద్దేశాన్ని తప్పుపట్టనక్కరలేదు. కానీ పాలకులకు ఇప్పటికీ వృద్ధాప్యం అంటే కొడుకు కృతజ్ఞత సమస్యగానే కనిపిస్తోంది. కొడుకు జీతం నుంచి వచ్చిన ఆ డబ్బుతో తల్లి ఎవరిని పిలుచుకుంటుంది, వచ్చినామెకు ఏ హక్కులుంటాయి అన్నది వారి దృష్టిలో లేదు.

కార్మికురాలి వైపు రక్షణలు మరింత పలచన. గృహ కార్మికులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడికను భారత్ ధ్రువీకరించలేదు. గృహ కార్మికులకు చట్టం అవసరాన్ని పరిశీలించాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పవలసి వచ్చింది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం కనీసం 2,000 గంటల చదువు ఉన్నవారినే వృత్తి నిపుణులుగా గుర్తిస్తుంది. కొద్దికాలపు జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు చేసి ఈ పనిలోకి వచ్చే అమ్మాయి దాని గడప బయటే ఉంటుంది. అన్నిటికంటే కీలకమైనది అత్యాచారాల నిరోధక చట్టం. కులం పేరుతో దూషణ నేరం కావాలంటే అది ప్రజల దృష్టిలో పడే చోట జరగాలని ఆ చట్టం అంటుంది. 2020 నవంబరులో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, బయటివారెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట ఆ నిర్వచనంలోకి రాదని తేల్చింది. పద్దెనిమిదో అంతస్తులో తలుపు మూసిన ఫ్లాటే ఒకరి పనిచోటు అయినప్పుడు దీని అర్థం ఏమిటో న్యాయశాస్త్ర విద్యార్థులు ఆలోచించాలి. ఆమె ఎనిమిది గంటలో, ఇరవై నాలుగు గంటలో గడిపే చోటు చట్టానికి ఒకరి సొంత ఇల్లు మాత్రమే.

దీనికి దారి లేదనుకోవడానికి లేదు; మన చరిత్రలోనే ఒక దాఖలా ఉంది. గుంటూరులో 1898లో మొదలైన కుగ్లర్ ఆసుపత్రి నుంచి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి దాకా, తెలుగునేలపై మిషన్ ఆసుపత్రుల్లో తొలితరం నర్సులుగా వచ్చినవారిలో దళిత క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు ఎందరో. పరాయి దేహాన్ని, అందులోనూ పరాయి పురుషుని దేహాన్ని తాకే పనికి పైకులాలు తమ కూతుళ్ళను చాలాకాలం పంపలేదు. ఆ చూపు మారింది సంస్కర్తల ఉపన్యాసాల వల్ల అని నేననుకోను. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. చదువుకు కొలత, పేరుకు రిజిస్ట్రేషన్, ఉద్యోగానికి స్కేలు ఏర్పడ్డాయి. గల్ఫ్, బ్రిటన్ దారులు తెరుచుకున్నాక అన్ని కులాలవారూ నర్సింగ్ కళాశాల గేటు ముందు వరుసకట్టారు. మైల అనుకున్న పని నమోదైన వృత్తిగా మారితే కులం పట్టు సడలుతుందని ఇది చూపుతుంది. పూర్తిగా పోలేదన్నది ఏ ఆసుపత్రిలోనైనా నర్సుకూ ఆయాకూ మధ్య గీతను చూస్తే తెలుస్తుంది. ఆనాడు గీతకు అవతల వదిలేసిన ఆ ఆయా పనే ఇప్పుడు కేర్‌టేకర్ పేరుతో ఇళ్ళలోకి వచ్చింది. జపాన్ 1987లోనే సంరక్షకులకు చట్టబద్ధమైన అర్హత నిర్ణయించి, 2000లో దీర్ఘకాల సంరక్షణ బీమా తెచ్చింది. మన ఆయుష్మాన్ భారత్ 2024 అక్టోబరు నుంచి డెబ్బై దాటినవారందరికీ ఐదు లక్షల రూపాయల దాకా వైద్యం ఇస్తోంది గానీ, ఆసుపత్రి నుంచి పంపాక ఇంట్లో రోజువారీ సంరక్షణకు అయ్యే ఖర్చు ఆ కార్డు పరిధిలో లేదు.

డబ్బును బట్టి కాక అవసరాన్ని బట్టి సేవ చేయడం ఈ ప్రాంతంలో అసాధ్యమేమీ కాదు. ఖాజాగూడలో, ఐటీ కార్యాలయాల నడుమే, స్పర్శ్ హాస్పిస్ అంత్యదశలో ఉన్నవారికి రుసుము లేకుండా సేవ చేస్తోంది. తెలంగాణ ప్రభుత్వ ‘ఆలన’ వాహనాలు జిల్లాల్లో మంచాన పడినవారి ఇళ్ళకు వైద్య బృందాన్ని తీసుకెళ్తాయి. దేహాన్ని శుభ్రం చేయడం అక్కడ వైద్యంలో భాగం. చేసేవారికి ఉద్యోగం ఉంది, బృందం ఉంది, నేర్పేవారున్నారు. ఆలనను నగరపు బస్తీలకు, అక్కడి నుంచి రోజువారీ సంరక్షణకు విస్తరించవచ్చు.

విస్తరించవలసిన మరో కారణం ఉంది. ఈ కేర్‌టేకర్లు కూడా ముసలివారవుతారు, చాలామంది కంటే ముందే అవుతారు. బరువైన మనిషిని రోజుకు పదిసార్లు పొర్లించి, లేపి, కూర్చోబెట్టిన నడుము యాభై దాటాక సహకరించదు. భవిష్యనిధి లేదు, బీమా లేదు. వృద్ధాప్య పింఛనుకు కేంద్రం ఇచ్చే వాటా అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ళవారికి నెలకు 200 రూపాయలు. తెలంగాణ 2019లో ఆసరా పింఛనును 2,016 చేసింది, 2021లో అర్హత వయసును 57కు తగ్గించింది. 4,000 చేస్తామన్నది 2023 ఎన్నికల హామీ. కోకాపేటలో ఒకరి తల్లిని చూసుకుంటున్నామె తన తల్లిని ఊళ్ళో పక్కింటివారికి అప్పగించి వచ్చింది. ఆ తల్లికి పక్కింటివారితోపాటు ఉన్న ఆధారం ఆ పింఛను.

సామాజిక భద్రత, కార్మిక సంక్షేమం రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా అంశాలు. ఢిల్లీలో మురిగిపోయిన బిల్లు కోసం హైదరాబాద్ ఎదురుచూడనవసరం లేదు. ఇళ్ళకు సంరక్షకులను పంపే ప్రతి ఏజెన్సీనీ రాష్ట్రమే నమోదు చేయవచ్చు. కార్మికురాలి కులం, మతం గురించి కుటుంబం అడగకూడదు, ఏజెన్సీ చెప్పకూడదు అన్న షరతును ఆ లైసెన్సులోనే రాయవచ్చు. ఉల్లంఘిస్తే లైసెన్సు పోవాలి. ఇరవై నాలుగు గంటల డ్యూటీకి ఇద్దరి వేతనం, వారానికొక సెలవు, ఆ రోజు మరో మనిషిని పంపే బాధ్యత ఏజెన్సీది, పడుకోవడానికి మంచం, ఇంట్లో అందరితోపాటు మంచినీళ్ళు. నిజాయితీగా నడిచే సంస్థలు ఈ నిబంధనలను తామే ముందుకొచ్చి అడగాలి, ఎందుకంటే పక్క వీధి ఏజెన్సీకి కూడా అదే లెక్క వర్తించిన రోజునే వారి ధర నిలబడుతుంది. ఫ్లాటు యజమానుల సంఘాలు బిల్లు పెరుగుతుందని అభ్యంతరం చెబుతాయి. పెరుగుతుంది. ఇన్నాళ్ళూ ఆ తేడాను ఎవరు కడుతూ వచ్చారో ఆ చర్చలో వారికి చెప్పవలసి ఉంటుంది.