హైవే ఎక్కితే బేస్ ఎక్కడికి పోతుంది?

నరసన్నపేట బజారులో ఆగి ఉన్న కారులో పాట పెడితే డోలు దెబ్బ గుండెకి తగులుతుంది. అదే కారు ఊరు దాటి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, మడపాం వైపు 90లో పోతున్నప్పుడు గాయని గొంతు వినిపిస్తుంది, తాళాల కిణికిణి వినిపిస్తుంది, డోలు మాత్రం మాయమైపోతుంది. స్టీరియో ఏమీ పాడవలేదు. టైర్లకీ రోడ్డుకీ మధ్య పుట్టే రొదలో కింది స్థాయి ధ్వని బాగా ఎక్కువ. పాటలోని కింది స్వరాలను అది మింగేస్తుంది. నరసన్నపేట, రణస్థలం మధ్య ఈ రోడ్డును ఆరు వరుసలకు వెడల్పు చేశారు. రోడ్డు బాగుపడితే వేగం పెరుగుతుంది, వేగంతో పాటే రొద. బేస్ కోసం కంపెనీ బిగించి ఇచ్చిన సబ్‌వూఫర్ చాలదన్న అసంతృప్తి చాలామందికి మొదలయ్యేది ఇలాంటి దారిలోనే.

బేస్ మీద మోజు ఉత్తరాంధ్రకి కొత్తేమీ కాదు. జముకుల కథ చెప్పేవాళ్ళ చంకన ఇమిడే జముకును చూస్తే సంగతి అర్థమవుతుంది. బోలు పాత్రకు ఒకవైపు చర్మం బిగించి, దాని నడుమ నుంచి తీసిన నరాన్ని లాగి పట్టుకుని మీటుతారు. అంత చిన్న వాయిద్యం నుంచి అంత లోతైన మోత రావడానికి చర్మం ఎంత అవసరమో, దాని వెనక ఉన్న బోలు అంత అవసరం. సబ్‌వూఫర్‌కి డబ్బా కూడా అలాంటిదే. పోలిక అంతవరకే సుమా. డబ్బాకి మరో పని కూడా ఉంది. కోన్ ముందుకు కదిలి గాలిని నెట్టినప్పుడు దాని వెనక అంతే లోటు ఏర్పడుతుంది. డబ్బా లేకపోతే ముందున్న గాలి చుట్టూ తిరిగి వెనక్కి చేరి ఆ లోటును పూడ్చేస్తుంది, చప్పుడు చచ్చిపోతుంది. విడి స్పీకరును చేత్తో పట్టుకుని మోగిస్తే పీలగా వినిపించేది అందుకే.

మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినిపిస్తుందని బడి పుస్తకాల్లో చదువుకున్నదే. సబ్‌వూఫర్ పని అందులో అట్టడుగున, సుమారు 80 హెర్ట్జ్‌కి దిగువన. బేస్ గిటారులో అన్నిటికంటే లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. కిందికి దిగేకొద్దీ స్పీకరుకి కష్టం పెరిగే తీరు మామూలుగా ఉండదు. 80 హెర్ట్జ్ దగ్గర వచ్చినంత చప్పుడే 40 దగ్గర కూడా రావాలంటే కోన్ నాలుగింతల గాలిని కదిలించాలి. కంపెనీ డిక్కీ పక్క గోడలో ఇమిడ్చే చిన్న సబ్‌వూఫర్‌కి ఆయాసం వచ్చేది అక్కడే. 8 అంగుళాల కోన్‌తో పోలిస్తే 12 అంగుళాల కోన్ వైశాల్యం రెండుంపావు రెట్లు.

అయితే కారు కూడా కొంత సాయం చేస్తుంది. 40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. కారు లోపలి గది దానిముందు చాలా చిన్నది. మూసిన అద్దాల మధ్య ఆ ధ్వని అలలా పారదు, లోపలి గాలినంతా ఒక్కసారిగా నొక్కి వదులుతుంది. అందుకే పెద్ద హాల్లో తేలిపోయే సబ్‌వూఫర్ కారులో గట్టిగా పలుకుతుంది. అద్దం నాలుగు వేళ్ళు దించితే ఆ ఉపకారంలో సగం గాల్లో కలిసిపోతుంది.

కంపెనీలు ఈ రంగంలోకి దిగి నాలుగు దశాబ్దాలు దాటింది. ఒక కారు లోపలి కొలతలకు తగ్గట్టు స్టీరియోను రూపొందించి బోస్ సంస్థ అమెరికాలో జనరల్ మోటార్స్‌కి ఇచ్చింది 1983 మోడల్ కార్లతోనే. ఆ సంస్థను స్థాపించిన అమర్ బోస్ తండ్రి బెంగాలీ. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే క్రెటా, సెల్టోస్ ఖరీదైన మోడళ్ళలో బోస్ స్పీకర్లుంటాయి. టాటా హారియర్ పై మోడల్ 2019లో తొమ్మిది జేబీఎల్ స్పీకర్లతో వచ్చింది. నాలుగు మామూలువి, నాలుగు ట్వీటర్లు, ఒకటి సబ్‌వూఫర్.

పేరు పెద్దదే అయినా కంపెనీవాళ్ళకు మన చెవులతో పాటు బరువు, డిక్కీ చోటు, ధర, వారంటీ కూడా ముఖ్యమే. చిన్న స్పీకరు చిరిగిపోకుండా కాపాడేందుకు చాలా కార్లలో ఒక ఏర్పాటు చేస్తారు. వాల్యూమ్ పెంచేకొద్దీ స్టీరియో తనంతట తానే బేస్‌ను తగ్గిస్తూ పోతుంది. హైవే మీద బేస్ పోవడంలో సగం నేరం రోడ్డుదైతే, మిగతాది దీనిదే.

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. పాత సబ్‌వూఫర్ పీకి, బజార్లో దొరికే పెద్దది తెచ్చి అదే వైర్లకు కలిపేస్తారు. తీరా మోగిస్తే ముందున్న మోత కూడా ఉండదు! కంపెనీ సబ్‌వూఫర్లలో చాలావాటి నిరోధం 2 ఓమ్‌లు, కొన్నింటిది ఇంకా తక్కువ. కొత్తది 4 ఓమ్‌లదైతే పాత ఆంప్లిఫయర్ (ఆంప్) దానికి సుమారు సగం వాట్లే ఇవ్వగలదు. కంపెనీవాళ్ళు తమ చిన్న స్పీకరు కోసం కట్టిన చిన్న డబ్బాలో పెద్దది ఊపిరాడక గింజుకుంటుంది. సబ్‌వూఫర్, ఆంప్, డబ్బా మూడూ ఒకదానికొకటి సరిపడాలి.

ఆంప్ ఎందుకు కావాలో చిన్న లెక్క చెబుతుంది. ఇంజిను నడుస్తున్నప్పుడు కారు విద్యుత్తు సుమారు 14.4 వోల్టులు. దాన్ని నేరుగా వాడుకునే స్టీరియో 4 ఓమ్‌ల స్పీకరుకి చిరుగు లేని ధ్వనితో ఇవ్వగలిగింది మహా అయితే 26 వాట్లు. పెట్టె మీద 50 అని అచ్చు వేసినా, భౌతికశాస్త్రం ఒప్పుకోదు. విడి ఆంప్‌లో మొదట ఆ వోల్టేజీని ఎన్నో రెట్లు పెంచే భాగం ఉంటుంది, అసలు బలం దానిది.

వాట్ల సంగతి వచ్చింది కాబట్టి, దుకాణంలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఇది ఎన్ని వాట్లేటి?" జవాబు మాత్రం రెండు రకాలు. పయనీర్ కంపెనీ 12 అంగుళాల సబ్‌వూఫర్ టీఎస్-ఎ30ఎస్4నే తీసుకుంటే, పెద్ద అక్షరాల్లో కనిపించే గరిష్ఠ అంకె 1,400 వాట్లు, నిలకడగా మోయగలిగేది 400. చూడాల్సింది రెండో అంకెనే, దుకాణాల్లో దాన్ని ఆర్ఎంఎస్ అంటారు. వాట్లు రెట్టింపు చేస్తే చప్పుడు పెరిగేది 3 డెసిబెల్‌లే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు పోయాలి. 300 వాట్ల ఆంప్ తీసి 400 వాట్లది పెట్టినవాళ్ళకు తేడా బిల్లులో కనిపించినంతగా చెవికి తెలియదు.

పేచీ ఎక్కువగా వచ్చేది వైర్ల దగ్గర. 500 వాట్లు ఇచ్చే క్లాస్ డీ ఆంప్ నూటికి 80 వంతుల సామర్థ్యంతో పనిచేస్తుందనుకున్నా, బ్యాటరీ నుంచి సుమారు 43 ఆంపియర్లు లాగుతుంది. హెడ్‌లైట్లు, ఏసీ నడుస్తున్న రాత్రి ఇంత అదనపు బరువు పడితే, మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ తట్టుకోవాలి. బేస్ కొట్టినప్పుడల్లా లైట్లు మినుకుమంటే తట్టుకోలేకపోతోందన్నమాట. ఇంజిను గది నుంచి డిక్కీ వరకు లాగే వైరు లావుగా, అసలైన రాగిదై ఉండాలి. చవక కిట్లలో వైరు గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. అది రాగి పూత వేసిన అల్యూమినియం. అదే లావున్న రాగి వైరు కంటే తక్కువ కరెంటు మోస్తుంది, త్వరగా వేడెక్కుతుంది.

ఫ్యూజును బ్యాటరీకి జానెడు, రెండు జానెల దూరంలోనే పెట్టాలి. ఆ ఫ్యూజు ఆంప్ కోసం కాదు, వైరు కోసం. సీటు కింద రేకు అంచుకి రాసుకుని వైరు తోలు ఊడితే, ఫ్యూజు లేని బ్యాటరీ కొన్ని వందల ఆంపియర్లు గుమ్మరిస్తుంది. తివాచీ అంటుకోవడానికి అంత కూడా అక్కర్లేదు.

ఎర్త్ మాటా అంతే. రంగు గీకి, రేకు మెరిసేదాకా తోమి, బోల్టు బిగించాలి. కళింగపట్నం వైపు నుంచి వీచే ఉప్పుగాలికి ఇక్కడి రేకులు తుప్పు పట్టడం అందరికీ తెలిసిందే. గీకిన చోట బిగించాక మళ్ళీ రంగు పూయకపోతే ఏడాదికో రెండేళ్ళకో ఎర్త్ వదులైపోయి, ఇంజిను వేగంతో పాటు పెరిగే సన్నని కూత స్పీకర్లలో మొదలవుతుంది.

కంపెనీ స్టీరియోకి ఆంప్ కలిపే ప్రత్యేక సాకెట్లు చాలాసార్లు ఉండవు. స్పీకరు వైర్ల నుంచే సంకేతం తీసుకోవాలి. ఇప్పటి ఆంప్‌లు చాలావరకు ఆ సౌకర్యంతోనే వస్తున్నాయి, లేకపోతే మధ్యలో ఒక చిన్న కన్వర్టర్ పెడతారు. స్టీరియో దొంగతనంగా తగ్గించే బేస్‌ను మళ్ళీ పూడ్చే పరికరాలూ ఉన్నాయి. వైర్లు కోయకుండా కప్లర్‌కి కప్లర్ తగిలించే పనివాడు దొరికితే వారంటీ తగాదా కొంత తగ్గుతుంది. విద్యుత్ కారైతే ముదురు నారింజ రంగు వైర్ల జోలికే పోకూడదు. అవి కొన్ని వందల వోల్టులవి.

డబ్బా ఎంత ఉండాలన్నది ఒకప్పుడు వడ్రంగి అనుభవం మీద నడిచేది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత రిచర్డ్ స్మాల్ కట్టిన లెక్కలతో అది గణితమైంది. 12 అంగుళాల సబ్‌వూఫర్‌కి మూసిన డబ్బా సుమారు 28 లీటర్లు. స్టెప్నీ, సామాను రెండూ డిక్కీలో పట్టాలనుకునే కుటుంబానికి అదీ ఎక్కువే. అలాంటివాళ్ళకు సీటు కింద దూరే, ఆంప్ లోపలే ఉన్న పలచని సబ్‌వూఫర్లు నయం. గుండె అదరదు కానీ డోలు వినిపిస్తుంది.

అన్నీ అమరాక నంబరు ప్లేటు గడగడలాడుతుంది. అప్పుడు డిక్కీ తలుపుకు రబ్బరు లాంటి బరువైన పట్టీలు అంటించాలి. ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకునేవాళ్ళు తక్కువ. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు మించకూడదని 2000 నాటి నిబంధనలు. కారు అద్దాలు దించి వీధిలో ఆగినవాళ్ళకు అవి గుర్తుకురావు.

ఆంప్‌తో పాటు డ్యాష్‌బోర్డు కింద బిగించే చిన్న మీట ఒకటి దొరుకుతుంది, బేస్ ఒక్కదాన్నే పెంచడానికి, తగ్గించడానికి. నరసన్నపేట దాటి 90 అందుకున్నాక దాన్ని కొంచెం కుడికి తిప్పితే డోలు తిరిగొస్తుంది. మడపాం టోల్ గేటు దగ్గర కారు నెమ్మదించి, రొద ఆగి, అద్దం దిగేసరికి అదే డోలు గేటు దగ్గరివాళ్ళ మాటలు కూడా వినపడనివ్వదు. అలవాటైన చెయ్యి అప్పటికే మీటను ఎడమకి తిప్పేసి ఉంటుంది.