పాడుచేసినది పాటయా, పైకమా?

గత వార్షికోత్సవమునాడు మా పాఠశాల బాలురు కొందఱు ఒక సినిమాపాటకు నృత్యము చేసిరి. మరునాడు ఒక విద్యార్థి తండ్రిగారు మా యొద్దకు వచ్చి, "అయ్యా, ఈ పాటలే లోకమును పాడుచేయుచున్నవి, మీరైనను మాన్పింపరాదా?" యని మిక్కిలి నొచ్చుకొనిరి. ఆ మాట ముగిసినంతనే తమ పెద్దకుమారునికి సంబంధము కుదిరినదనియు, కట్నము ఇంత యనియు సంతోషముతో సెలవిచ్చిరి. నాటినుండి ఈ రెండు మాటలును మా మనస్సును విడువకున్నవి.

పాటపై నేరము మోపుట నేటిది కాదు. రాగరీతులు మారినయెడల రాజ్యధర్మములు సైతము కదలునని గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథమున వ్రాసెను. మన దేశమున 1940లో ఆలిండియా రేడియోవారు హార్మోనియమునే వెలివేసిరి. మన సంగీతమునందలి సూక్ష్మస్వరములు దానిపై పలుకవని వారి వాదము. ఆ నిషేధము 1971 వఱకు సాగినది. (మా దేవాలయములలో దానిని వాయించువారు మాత్రము ఆ ముప్పది యేండ్లును నిశ్చింతగా వాయించుచునే యుండిరి.)

తరువాత వంతు సినిమాపాటది. 1952లో సమాచార ప్రసారశాఖ మంత్రియైన బి. వి. కేస్కర్ గారు, ఇవి ప్రజల అభిరుచిని దిగజార్చునని తలచి, రేడియోలో వానికి చోటు లేకుండ జేసిరి. ఫలితమేమి? శ్రోతలు రేడియో మర సిలోను వైపు త్రిప్పిరి. కొలంబోనుండి అవే పాటలు అలలపై వచ్చి మన యిండ్లలో మ్రోగినవి. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన ప్రభుత్వమువారే 'వివిధ భారతి' నెలకొల్పి, ఆ పాటలను మరల ఆహ్వానించిరి. కావున సినిమాపాట లేని సంఘమెట్లుండునో ఈ నిషేధమువలన తేలలేదు. తేలవలెనన్న ఇంకను వెనుకకు పోవలెను.

మన దేశమున గ్రామఫోను పలకలకై పాటలు పట్టుట 1902లో కలకత్తాలో ఆరంభమైనది. మాటలాడు చలనచిత్రము 1931లో వచ్చినది. ఈ రెండును లేని 1892లో విజయనగరమున గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కము' ప్రదర్శింపబడెను. 1897 నాటి ముద్రణకు గ్రంథకర్త వ్రాసిన ఆంగ్లపీఠికను మా విద్యార్థులు తప్పక చదువవలెను. విజయనగర మహారాజావారు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములందు జరిగిన శుల్కవివాహముల పట్టిక వ్రాయించిరట. లెక్కకు వచ్చినవి 1,034. ఆ కన్యలలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పాపలు ముగ్గురు. ఆ ఏడాది పాపల వెల తలకు 350 మొదలు 400 రూపాయలు. ఆ తండ్రులకు ఏ సినిమాపాట దుర్బోధ చేసినది?

పిమ్మట వెల ప్రక్క మార్చుకొనినది. పిల్లకిచ్చు శుల్కము పోయి పిల్లవానికిచ్చు కట్నము బలిసినది. 1961లో వరకట్న నిషేధ చట్టము చేయవలసి వచ్చినది. అదియు చాలక 1986లో వరకట్న మరణమును వేఱొక నేరముగా శిక్షాస్మృతిలో చేర్చవలసి వచ్చినది. ఇందు మతభేదము లేదు. మా క్రైస్తవ కుటుంబములలోను బేరము జరుగుచున్నది. పిమ్మట ప్రార్థనయు జరుగుచున్నది.

ఇట్లని పాటను మేము నిర్దోషియని విడిచిపెట్టము. వీధిలో ఆడుపిల్లలు పోవుచుండ వెనుకనుండి ఏ చరణము పాడిన వారు తలవంచుకొందురో మా బాలురకు బాగుగ తెలియును. అట్టి పాట పాడినవారిని మేము దండించితిమి, మరలను దండింతుము. అయినను ఆ పాట పుట్టిన విధమును విచారింపుడు. అది అమ్ముడుపోవుటకై కూర్చబడినది. నాడు పలకలు ఎన్ని చెల్లెనో, టిక్కెట్లు ఎన్ని తెగెనో చూచిరి. నేడు సెల్‌ఫోనులో ఎందఱు వినిరో లెక్కించుచున్నారు. ఆడుపిల్లను అంగడి వస్తువుగా జూపిన పాటకు గిరాకి యున్నదన్న, ఆ గిరాకి పాటకంటె ముందే మన యిండ్లలో నున్నది. వరుని వెల మాటలాడుకొను గదిలోనే కదా పిల్లలు ఆడుకొనుచుందురు!

ఆ తండ్రిగారు మొన్న మరల వచ్చిరి. మేము వాదింపక, పైని చెప్పిన పీఠికలోని లెక్కలను తెలుగుచేసి చదివి వినిపించితిమి. వారు శ్రద్ధగా వినిరి. కొంతసేపూరకుండి, ఆనాటి మూడువందల యేబది రూపాయలు ఇప్పటి లెక్కలో ఎంతగునని మమ్ము నడిగిరి.