జబ్బు కథ మొదటి నుంచీ చెప్పండి

వరికోతల రోజులు. తెల్లవారుజామున దివిసీమ నుంచి ఇరవై ఏళ్ల కుర్రాడిని ఆసుపత్రికి తీసుకొచ్చారు. కడుపునొప్పి, రెండు వాంతులు. డ్యూటీలో నేనే ఉన్నాను. ‘‘బాబూ, రాత్రి ధాన్యం రాశి దగ్గర కాపలా పడుకున్నాడు...’’ అని తల్లి మొదలుపెట్టింది. ‘‘అవన్నీ తర్వాతమ్మా, నొప్పి ఎక్కడో చెప్పమనండి’’ అని ఆపేశాను. గ్యాస్ట్రిక్ అనుకుని ఇంజెక్షన్ రాశాను.

అరగంటకు నర్సు పిలిచింది. కుర్రాడి కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. అప్పుడు ఆ తల్లిని మొత్తం చెప్పమన్నాను. గడ్డి పరుచుకుని నేలమీద పడుకున్నాడు. నడిరాత్రి ఏదో కుట్టినట్టయి లేచాడు. చీమేమోననుకుని మళ్లీ పడుకున్నాడు. అంతే, సంగతి తెలిసిపోయింది. కట్లపాము!

కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేలమీద పడుకున్నవారిని కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. కాటు గుర్తు కూడా చాలాసార్లు కనబడదు. కొందరిలో కడుపునొప్పితోనే మొదలవుతుంది. తర్వాత రెప్పలు వాలతాయి, మింగుడు పడదు, చివరికి ఊపిరి తీసే కండరాలు పనిచేయవు. పాముకాటుకు మేం చేసే 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష ఇందులో మామూలుగానే ఉంటుంది. జబ్బును పట్టించింది ఆ తల్లి మాటే. యాంటీవీనమ్ ఇచ్చి, వెంటిలేటర్‌పై ఉంచాం. కుర్రాడు బతికాడు. నేను పోగొట్టిన అరగంట మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

రోగి చెప్పడం మొదలుపెట్టాక డాక్టర్లు సగటున 18 సెకన్లకే అడ్డుపడుతున్నారని 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ పరిశీలనలో తేలింది. మచిలీపట్నమైనా గుడివాడైనా, ఓపీ ముందు వరస చూసినవారికి ఇది వింతగా అనిపించదు. అందుకే కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టర్ రీటా షారన్ వైద్య విద్యార్థుల చేత కథలు, నవలలు చదివించి, రోగి మాట వినడం నేర్పుతున్నారు. మన ఎంబీబీఎస్‌లోనూ 2019 నుంచి నడవడిక, నైతికత, రోగితో మాట్లాడే తీరు పాఠాలుగా చేరాయి.

కేస్ షీటులో మేం ముందుగా రాసేది ‘హిస్టరీ’. బందరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1935లో కాంగ్రెస్ చరిత్ర రాశారు. మేం రోజూ రాయాల్సింది ఒక్కో మనిషి చరిత్ర. గుండెదడతో పదేపదే వచ్చే ఒక పెద్దావిడకు ఎన్నిసార్లు తీసినా ఈసీజీ మామూలుగానే ఉండేది. ఒకరోజు తీరిగ్గా అడిగితే, 1977 నవంబరు ఉప్పెనలో తన వాళ్లు పోయారనీ, గాలి హోరు వింటే దడ మొదలవుతుందనీ చెప్పింది. అసలు వైద్యం ఆ రోజే మొదలైంది.

వినడం మా బాధ్యత. చెప్పడంలో మీరూ సాయపడండి:

* రోగితో రాత్రంతా ఉన్న మనిషే డాక్టరు దగ్గరికి వెంట రండి.
* బాధ ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు అన్నది వరసగా చెప్పండి.
* వాడుతున్న మందులన్నీ, నాటుమందులతో సహా, తీసుకురండి.
* మీ మనసులోని భయం దాచుకోవద్దు.
* డాక్టరు మధ్యలో ఆపితే, ‘‘ఇంకొక్క మాట ఉందండీ’’ అని అడగండి. మొహమాటపడకండి.

మరో మాట. చేలో కాపలా ఉంటే మంచం మీద, దోమతెర కట్టుకుని పడుకోండి. నిద్రలేచేసరికి రెప్పలు వాలుతుంటే, కాటు కనబడకపోయినా సరే, నాటువైద్యం జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి రండి. వచ్చాక రాత్రి ఎక్కడ పడుకున్నారో ముందుగా చెప్పండి.