టీవీ వార్తల్లో ఉద్యోగమా? ముందు మీ ఊరి వార్త చెప్పండి!

"ఆంటీ, నా రీలుకి పదివేల లైకులొచ్చాయి. ఇంక టీవీలో ఉద్యోగం వచ్చినట్టేనా?"

భద్రాచలంలో మా ఎదురింటి అమ్మాయి 2022 ఎండాకాలంలో నన్నడిగిన ప్రశ్న ఇది. డిగ్రీ అయిపోయింది. వార్తలు చదవాలని చిన్నప్పట్నుంచీ కోరిక. ఒకప్పుడు అద్దం ముందు నిలబడి పేపరు చదివేది, ఇప్పుడు అద్దం బదులు సెల్‌ఫోన్ పెట్టుకుంది. వాళ్లమ్మ మాత్రం, "హైదరాబాద్‌లో చుట్టాలున్నోళ్లకి గానీ, మనలాంటోళ్లకి ఎవరిస్తారమ్మా?" అని నిట్టూర్చేది.

ఆవిడ మాటలో ఒకప్పుడు నిజం ఉంది. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ గారు తొలి తెలుగు వార్తలు చదివారు. టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో వార్తలన్నీ కంఠతా పట్టి చదివిన ఆ పెద్దాయన 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు. అప్పట్లో వార్తలంటే ఒక్కటే ఛానల్, ఒక్కటే గుమ్మం. 1995లో ఈటీవీ, 2004లో టీవీ9 వచ్చాక గుమ్మాలు పెరిగాయి. అయినా అన్నీ హైదరాబాద్‌లోనే! ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ వచ్చాకే మన ఇంట్లో కూర్చుని ఆ తలుపు తట్టే వీలు కలిగింది.

అయితే ఆ తలుపు వెనక ఎవరున్నారో చూసుకోవాలి కదా!

ఇరవై వేల ఉద్యోగం

ఓ సాయంత్రం ఆ అమ్మాయి ఫోనుకి ఫేస్‌బుక్‌లో ఒక కబురొచ్చింది. "మీ వాయిస్ బాగుంది. యాంకర్‌గా తీసుకుంటున్నాం. ట్రైనింగుకీ, ఐడీ కార్డుకీ, మైకు లోగోకీ కలిపి ఇరవై వేలు డిపాజిట్ కట్టండి" అని. తల్లి సంబరపడిపోయి డ్వాక్రా సంఘంలో అప్పుకి అడిగేసింది కూడా. "ఆఫీసు అడ్రసు అడుగు, ఎవరో ఒకరం పోయి చూసొద్దాం" అన్నాన్నేను. అడిగిందే తడవు, అవతలి ఫోను మూగబోయింది. వెతికితే ఆ పేరుతో అసలు ఛానలే లేదు!

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మనకి జీతమిస్తారు, మన దగ్గర డబ్బు తీసుకోరు. ఏయే ఛానళ్లకి అనుమతి ఉందో కేంద్ర సమాచార ప్రసార శాఖ జాబితాలో చూసుకోవచ్చు. అక్రెడిటేషన్ కార్డులు ప్రభుత్వం ఇస్తుంది, అవి అమ్మకానికి దొరికేవి కావు. ఒకవేళ డబ్బు పంపి మోసపోతే సిగ్గుపడి ఊరుకోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

గోదారి నేర్పిన పాఠం

ఆ దెబ్బతో పిల్ల నెలరోజులు ఫోను ముట్టలేదు. ఇంతలో జూలై వరదలొచ్చాయి. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకి ఇస్తారు. ఆ నెల 16న నీటిమట్టం 71.3 అడుగులకి చేరింది! 1986లో 75.6 అడుగులొచ్చాక మళ్లీ అంత నీరు చూడటం అదే. లోతట్టు కాలనీలన్నీ మునిగి, జనం పునరావాస కేంద్రాలకి చేరారు.

అక్కడే ఈ అమ్మాయి మళ్లీ ఫోను తీసింది. ఈసారి పాట లేదు, మేకప్ లేదు. ఏ గంటకి నీరెంతుంది, ఏ దారి తెరిచి ఉంది, చంటిపిల్లలకి పాలు అందుతున్నాయా లేదా... రెండు నిమిషాల్లో చెప్పింది. "వంతెన కొట్టుకుపోయింది" అని వాట్సాప్‌లో ఎవరో పంపితే తొందరపడి పెట్టలేదు. డ్యూటీలో ఉన్న పోలీసుల్ని అడిగి తెలుసుకుని, "వంతెన క్షేమంగానే ఉంది, రాకపోకలు మాత్రం ఆపేశారు" అని చెప్పింది.

ఆ వీడియోకి వచ్చిన లైకులు మూడొందలు దాటలేదు. కానీ చూసినవాళ్లలో ఒక వార్తా ఛానల్ బ్యూరో మనిషి ఉన్నాడు! "మీ వీడియో వాడుకోవచ్చా?" అని అడగడంతో మొదలై, వార్తకింత అని ఇచ్చే కంట్రిబ్యూటర్ పని, ఆ తరువాత పరీక్ష, ఇంటర్వ్యూ... ఇప్పుడు హైదరాబాద్‌లో న్యూస్ డెస్కులో ఉంది. ఇంకా తెర మీద కనబడలేదు. వాళ్లమ్మకి అదే దిగులు!

మన యాసే మన అర్హత

"మా మాట పల్లెటూరి మాట, టీవీకి పనికిరాదు" అనుకునే అమ్మాయిలు చాలామంది. వీ6 తీన్మార్ వార్తల్లో సావిత్రిగా శివజ్యోతి తెలంగాణ మాటతోనే కదా ఇంటింటికీ చేరింది! ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో పల్లె మహిళలు 'ఖబర్ లహరియా' అనే పత్రిక పెట్టారు. తరువాత వాళ్లే సెల్‌ఫోన్లు పట్టుకుని వీడియో విలేకరులయ్యారు. వాళ్ల మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. మనకి సరిహద్దున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో 2010 నుంచి సీజీనెట్ స్వర ద్వారా అడవి పల్లెల జనం మామూలు ఫోన్‌లోనే తమ ఊరి కష్టాలు చెప్పుకున్నారు, గోండిలో కూడా. చర్ల, దుమ్ముగూడెం వైపు కోయ భాష తెలిసిన అమ్మాయి ఉంటే, ఆ భాష ఆమెకి ఇంకో డిగ్రీ లాంటిదే.

ఇలా మొదలుపెట్టండి

* వార్తల కోసం వేరే ఖాతా తెరవండి. ఊరు, చదువు, వచ్చిన భాషలు రాయండి. ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు అందరికీ కనబడేలా పెట్టకండి.

* తొంభై సెకన్ల వీడియోలు మూడు చాలు. ఒకటి వార్త చదివేది, ఒకటి జరిగినచోట నిలబడి చెప్పేది, ఒకటి ఎవరినైనా ప్రశ్నలడిగేది. ఫోను అడ్డంగా పట్టుకోండి. బొమ్మ కొంచెం మసకైనా సర్దుకోవచ్చు, మాట వినబడకపోతే ఎవరూ చూడరు.

* లింక్డ్‌ఇన్‌లో ఛానళ్ల బ్యూరో, డెస్కు బాధ్యతల్లో ఉన్నవాళ్లని వెతకండి. నాలుగే వాక్యాల్లో రాసి, వీడియో లింకు పెట్టండి. "ఏ ఉద్యోగమైనా సరే" అనకుండా, మీకేం వచ్చో చెప్పండి.

* ఇంటర్వ్యూకి పగటిపూట, ఆఫీసుకే వెళ్లండి. తోడు తీసుకెళ్లడం నామోషీ కాదు. పదిమంది, ఆపైన పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. చేరే ముందు దాని గురించీ, నైట్ డ్యూటీకి బండి పంపుతారా అనీ అడగండి.

2023లో ఒడిశాలో ఓ ఛానల్ 'లీసా' అనే కంప్యూటర్ బొమ్మ చేత వార్తలు చదివించింది. ముచ్చటగా చదవడం ఇక యంత్రానికీ వచ్చేసిందన్నమాట! కానీ వరద శిబిరంలో చంటిపిల్ల తల్లి పక్కన కూర్చుని "పాలు అందాయామ్మా?" అని అడగాలంటే మనిషే కావాలి. ఆ అడిగే అమ్మాయి మీ ఇంట్లోనే ఉందేమో, చూడండి. "ఎందుకొచ్చిన గోల" అని ఫోను లాక్కోకండి. ఎలా వాడాలో పక్కన కూర్చుని మాట్లాడండి.